తొట్టిలో పదివేల అడుగులు

ఆ సోమవారం పొద్దున కంబళ్ల వ్యాపారి దగ్గర ఉన్న సరుకు ఇది: తొంభై రెండు కిలోల ఒళ్లు, ఆ ఒంట్లో ఉండాల్సినదానికి రెట్టింపు చక్కెర, డాక్టరు రాసిచ్చిన ఒక కాగితం, కాలేజీ హాస్టల్‌కి పది రోజుల్లో అప్పజెప్పాల్సిన నలభై ఉన్ని కంబళ్లు, ఒక భార్య, ఆమెకొక తమ్ముడు. వీటిలో లాభం తెచ్చేవి కంబళ్లు మాత్రమేనని ఆయన నమ్మకం.

కింద షాపు, పైన ఇల్లు, ఆ పైన డాబా. గల్లా వెనక ఎత్తు కుర్చీ ఒకటుంది. ఇరవై ఆరేళ్లుగా ఆయన తప్ప మరొకరు అందులో కూర్చోలేదు. దాని దిండు ఆయన ఆకారానికి అచ్చు పోసినట్టు గుంటపడింది. ఆయన లేచి వెళ్లినా కుర్చీలో ఆయనే ఉన్నట్టుంటుంది. కుర్చీ దగ్గర్నుంచి డాబాకి నలభై నాలుగు మెట్లు. ఆ లెక్క ఆయనకి తెలుసు గానీ ఎక్కి చూసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు.

డాక్టరు కాగితం మీద రోజుకి పదివేల అడుగులు నడవాలని ఉంది. మామూలు మనిషయితే ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మర్చిపోయేవాడు. ఆయన కూడా ఆ పనే చేశాడు. కానీ చొక్కా ఉతకడానికి వేసింది భార్య.

"పది రోజులు, రోజుకి పదివేలు," అందామె కాగితం బల్ల మీద పెట్టి. "పదకొండో రోజు మళ్లీ పరీక్షకి రమ్మన్నాడు. ఒక్క రోజు తగ్గినా షాపు తాళాలు మూడు నెలలు మా తమ్ముడికి. మీకు పూర్తి విశ్రాంతి."

"మీ తమ్ముడు కూర్చుంటే విశ్రాంతి నాక్కాదు, షాపుకి."

"అందుకే నడవమంటున్నాను."

"ఫోను లెక్క ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను. ఫోన్లో పదివేలు పడితే చాలు, మీరెటు తిరిగొచ్చారో నాకనవసరం."

ఆమె కూడా వ్యాపారి భార్యే, ఒప్పందంలో ఖాళీలు వదలదు. అందుకే పార్కులో పొద్దుటి నడక బృందాన్ని నడిపించే రిటైర్డ్ స్టేషన్ మాస్టరుకి ఫోన్ చేసి, హాజరు పట్టీలో భర్త పేరు కూడా ఎక్కించమని చెప్పింది.

ఆయనకి నడవడమంటే భయం లేదు, అసహ్యం. సరుకు లేకుండా బండి తోలడం ఆయన ఊహకందని పని. ఇంటి దగ్గర బయల్దేరి, పార్కు చుట్టూ పన్నెండు సార్లు తిరిగి, మళ్లీ ఇంటికే రావడం. వెళ్లింది లేదు, తెచ్చింది లేదు. ఇంత శ్రమ పడి ఒక మనిషి బయల్దేరిన చోటికే చేరుకుంటే దాన్ని ఆరోగ్యం అని ఎలా అంటారో ఆయనకి అర్థం కాలేదు. ఈ బాధే ఆ మధ్యాహ్నం బావమరిది దగ్గర వెళ్లబోసుకున్నాడు.

బావమరిది ఇంగ్లీషు లెక్చరరు. పనిచేసే కాలేజీ మూతపడి ఏడాది దాటింది. మధ్యాహ్నాలు షాపులో స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్లకి మాటల పుట్టుక చెబుతుంటాడు. ఒకసారి దిండు గలీబుల కోసం వచ్చినావిడ దిండు అన్న ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు నలభై నిమిషాలు విని, గలీబు తీసుకోకుండా, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

"ఒక తమాషా చెప్పనా బావగారూ," అన్నాడు బావమరిది. "వాక్ అన్న మాట పుట్టినప్పుడు దానికి నడక అన్న అర్థమే లేదు."

"మరి?"

"దొర్లడం, పొర్లడం, అలలాగా అటూ ఇటూ ఊగడం. తర్వాత ఉన్ని బట్టల పనిలోకి చేరింది. నేసిన బట్టని తొట్టిలో నీళ్లలో వేసి, లోపలికి దిగి కాళ్లతో తొక్కేవాళ్లు. గంటలు గంటలు అదే పని. ఆ తొక్కేవాడు వాకర్. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ వాకర్ అన్న ఇంటిపేరుతో తిరుగుతున్నారు."

వ్యాపారి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఉన్ని బట్టలా?"

"ఉన్ని బట్టలే. మీ సరుకే."

"కాళ్లతోనా?"

"కాళ్లతోనే. అయితే అలా ఎందుకు తొక్కేవాళ్లంటే బావగారూ..."

వ్యాపారి అప్పటికే లేచి గోడౌన్ వైపు వెళ్లిపోయాడు. ఏ మాటలోనైనా తనకి పనికొచ్చే ముక్క దొరకగానే మిగతాది ఎదుటివాడికే వదిలేయడం ఆయనకి అలవాటు. దాన్ని ఆయన సమయం ఆదా అనేవాడు.

లెక్క తేలికగా కుదిరింది. మిల్లు నుంచి వచ్చిన కంబళ్లకి నూనె వాసన ఉంటుంది. ఒకసారి ఉతికి ఇవ్వమని హాస్టల్ వార్డెన్ షరతు పెట్టాడు. ఉతకడానికి లాండ్రీ ఆయనకి చెప్పి ఉంచారు. కంబళ్లు ఎలాగూ తొక్కాలి, తనెలాగూ నడవాలి. డాబా మీద సిమెంటు తొట్టి ఉంది, సోలార్ హీటరులో వేడినీళ్లు ఉన్నాయి. పార్కులో వృథాగా పోయే పదివేల అడుగులు తొట్టిలో పోస్తే రోజుకి నాలుగు కంబళ్లు. పది రోజులకి నలభై. ఎక్కడా మిగులు లేదు, తరుగు లేదు. లాండ్రీ ఆయనకి కబురు పంపాడు, ఈసారి రానక్కర్లేదని.

"అదేంటండీ, పదిహేనేళ్ల నుంచి నేనేగా చేస్తున్నాను," అన్నాడు లాండ్రీ ఆయన ఫోన్లో.

"ఈసారి సొంతంగా చేసుకుంటున్నాం."

"సొంతంగానా? సరేనండీ. ఎప్పటికీ సొంతంగానే చేసుకోండి," అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆయన నలభై నాలుగు మెట్లూ ఎక్కాడు. రెండుసార్లు ఆగాడు, అది వేరే విషయం. తొట్టిలో నాలుగు కంబళ్లు వేసి, వేడినీళ్లు పట్టి, గోడౌన్‌లో ఎప్పటినుంచో మూల పడి ఉన్న పసుప్పచ్చ సబ్బు ద్రావకం ఒక మగ్గు పోసి, పంచె ఎగ్గట్టి దిగాడు. ఫోను చొక్కా జేబులో వేసుకున్నాడు. అడుగు వేస్తే జేబులో ఫోను ఎగిరింది. ఫోను ఎగిరితే అంకె పెరిగింది. ఒకే చోట నిలబడి ఏడు కిలోమీటర్లు వెళ్లిన మొదటి మనిషి తనేనేమో అనిపించి ఆయనకి ఒళ్లు పులకరించింది.

సాయంత్రం భార్య ఫోను చూసింది. పదివేల నూట పన్నెండు.

"పార్కులో బురదగా ఉందా?" అందామె పంచె అంచు చూసి.

"నడిచేవాడికి బురద ఒక లెక్కా," అన్నాడాయన.

మూడో రోజు స్టేషన్ మాస్టరు హాజరు పట్టీ చంకన పెట్టుకుని నేరుగా డాబా ఎక్కాడు. రెండు రోజులుగా రాని మనిషి కోసం వెతకడం ఆయనకి ఆలస్యమైన రైలు కోసం చూడటం లాంటిది. తొట్టిలో మోకాళ్ల దాకా మునిగి, గాలిలో చేతులు ఊపుతూ, ఎక్కడికీ పోకుండా నడుస్తున్న వ్యాపారిని కాసేపు చూశాడు.

"ఏం చేస్తున్నారు సార్?"

"వాకింగ్. అసలైన వాకింగ్. మీరు చేసేది నకిలీ. కావాలంటే మా బావమరిదిని అడగండి, ఇంగ్లీషు లెక్చరరు."

"మీ ఆవిడకి నేనేం చెప్పాలి?"

"చెప్పేముందు ఒకసారి దిగండి. వేడినీళ్లు. కుక్కలుండవు, గుంటలుండవు. మీ మోకాళ్లకి మంచిది."

స్టేషన్ మాస్టరు మోకాళ్ల మాట రాగానే మెత్తబడ్డాడు. ప్యాంటు మడిచి దిగాడు. పావుగంట తర్వాత ఆయన ముఖంలో కనిపించిన ప్రశాంతత, సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఏ రైలూ సమయానికి వచ్చి ఆయనకి ఇవ్వలేదు. హాజరు పట్టీలో ఇద్దరి పేర్ల ముందూ టిక్కు పెట్టి, నడిచిన స్థలం అన్న గడిలో డాబా అని రాశాడు.

నాలుగో రోజు ఐదుగురు వచ్చారు. ఆరో రోజుకి పదకొండు మంది. సిమెంటు తొట్టి చాలక రెండు పెద్ద ప్లాస్టిక్ తొట్లు తెప్పించారు. స్టేషన్ మాస్టరు ఈల తెచ్చాడు. ఈల వేస్తే కుడికాలు, మళ్లీ వేస్తే ఎడమకాలు. వేడినీళ్ల తొక్కుడుతో కీళ్ల నొప్పులు పోతున్నాయని వీధి చివరిదాకా పాకింది. ఆ నీళ్లలో ఏదో ఉందని కూడా పాకింది.

"ఆ పచ్చటిది ఏంటి సార్, మందా?" అని అడిగాడొకాయన.

అది గోడౌన్‌లో అమ్ముడుపోని సబ్బని చెప్పుకోవడం వ్యాపారికి చిన్నతనమనిపించింది. "అది వ్యాపార రహస్యం," అన్నాడు గంభీరంగా. "ఇంట్లో తయారైందే. అంతకుమించి అడక్కండి."

వాళ్లు గౌరవంగా తలలూపి ఇంకా గట్టిగా తొక్కారు.

మెట్ల మీద పదకొండు జతల తడి పాదాల గుర్తులు చూశాక భార్యకి సంగతి మొత్తం తెలిసిపోయింది. ఒప్పందం ప్రకారం అడుగులు పడుతున్నాయి కాబట్టి ఆమె ఏమీ అనలేకపోయింది. రోజూ పదకొండు కాఫీలు పైకి పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం కొంత అంది. ఆ మాటలు డాబా దాకా వినిపించకుండా ఈల గట్టిగా వేయించారు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. మనుషులు పదకొండు, కంబళ్లు రోజుకి నాలుగు. వచ్చినవాళ్లని వట్టినీళ్లలో నిలబెట్టలేం కదా. ఉచితంగా దొరికిన ఇరవై రెండు కాళ్లని ఖాళీగా వదలడం వ్యాపారి మనసుకి కష్టం. అందుకని మిగిలిన కంబళ్లన్నీ ముందే నీళ్లలోకి దించి, మొన్న తొక్కినవి నిన్న, నిన్న తొక్కినవి ఇవాళ మళ్లీ తొక్కించాడు. ఒక్కో కంబళి అయిదారుసార్లు నీళ్లు చూసింది. ఆరవేసేటప్పుడు తీగ మీద రెండు మడతలుగా వేసేవాళ్లు, ఆరాక నాలుగు మడతలు పెట్టి గోడౌన్‌లో పేర్చేవాళ్లు.

ఎనిమిదో రోజు ఆ దొంతర చూసి భార్య ఆగింది. "ఏవండీ, ఇవి కాస్త పొట్టిగా లేవూ?"

"తూచి చూడు."

ఇది ఆ వ్యాపారంలో వేదవాక్కు. దుప్పటికైతే గజం బద్ద పెట్టి కొలుస్తారు. ఉన్ని కంబళికి పొడవు ఎవరూ చూడరు. మిల్లువాడు అమ్మేదీ తూకానికే, వ్యాపారి కొనేదీ తూకానికే. ఇరవై ఆరేళ్లలో ఆయన ఒక్క కంబళిని కూడా కొలిచిన పాపాన పోలేదు. కాటా మీద పెట్టాడు. రెండున్నర కిలోలు, ముల్లు కదల్లేదు. పైగా బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చూస్తే రోజురోజుకీ మందంగా తగులుతోంది. ముప్ఫై పట్టే అర మీద నలభై పట్టాయి.

"చూశావా. ఉతికేకొద్దీ నాణ్యం పైకి తేలుతోంది," అన్నాడు.

పదో రోజు పొద్దున వార్డెన్ వస్తానన్నాడు. ఆ వార్డెన్ ఎప్పుడూ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగే మనిషి. ఆయన గదికి సరిగ్గా పైన విద్యార్థులు చదువుకునే హాలుంది. రెండు వందల కుర్చీలు జరిగే శబ్దం పొద్దుటి నుంచి పడుకునేదాకా ఆయన నెత్తి మీదే. కంబళ్లకి చెప్పడానికి వచ్చిన రోజు కూడా కణతలు నొక్కుకుంటూనే మాట్లాడాడు.

ఆయన రావడానికి అరగంట ముందు బావమరిది మొదటిసారి డాబా ఎక్కాడు. కింద షాపులో అతని మాటలు వినడానికి ఎవరూ లేరు. పైన పదకొండు మంది కదలడానికి వీల్లేకుండా తొట్లలో ఉన్నారు. ఇంత మంచి తరగతి అతనికి కాలేజీలో కూడా దొరకలేదు.

"సరిగ్గా ఇదే," అన్నాడు చేతులు వెనక్కి కట్టుకుని. "పాతకాలం వాకర్లు అచ్చం ఇలాగే ఉండేవాళ్లు. ఒక్కటే తేడా. అప్పుడు సబ్బుండేది కాదు."

"మరి ఏం పోసేవాళ్లు సార్?" అన్నాడు స్టేషన్ మాస్టరు ఈల నోట్లోంచి తీసి.

"అది చెప్పడం అంత మర్యాద కాదు గానీ, చరిత్ర చరిత్రే. మూత్రం. ఇళ్ల నుంచి సేకరించి, కొన్నాళ్లు నిలవ చేసి, తొట్టిలో పోసేవాళ్లు. ఉన్నికి పట్టిన జిడ్డు వదలడానికి అంతకన్నా మంచి..."

డాబా మీద ఈల లేకుండానే అందరి కుడికాళ్లు ఒకేసారి లేచాయి.

"ఆ పచ్చటిది," అన్నాడొకాయన మెల్లగా.

"ఇంట్లో తయారైందే అన్నారు," అన్నాడు ఇంకొకాయన.

"కొట్లో సబ్బండీ అది," అన్నాడు వ్యాపారి. "డబ్బా చూపిస్తాను."

"మొన్న వ్యాపార రహస్యం అన్నారుగా," అన్నాడు స్టేషన్ మాస్టరు. అంటూనే తొట్టిలోంచి దిగిపోయాడు. ఆయన మోకాళ్లు అంత చురుగ్గా వంగడం బృందం ఎప్పుడూ చూడలేదు. ఒకే కుళాయి దగ్గర పదకొండు మంది వరస కట్టారు. డబ్బా తేవడానికి వ్యాపారి కిందికి పరిగెత్తి తిరిగొచ్చేసరికి హాజరు పట్టీతో సహా అందరూ వెళ్లిపోయారు. ఈల మాత్రం తొట్టిలో తేలుతోంది.

అప్పుడే వార్డెన్ ఆటో దిగాడు.

గోడౌన్‌లో దొంతర పైనున్న కంబళి తీసి, వ్యాపారి ఎప్పటిలాగే రెండు అంచులు పట్టి విసురుగా దులిపాడు. కంబళి విప్పుకోలేదు. తలుపులా తెరుచుకుంది. ఏడడుగులది నాలుగున్నర అడుగులకి వచ్చి ఆగింది. కింద పెడితే గోడకి ఆని నిలబడింది.

వార్డెన్ దాన్ని కప్పుకుని చూశాడు. మెడ నుంచి మోకాళ్ల దాకా వచ్చింది. కింద నుంచి కాళ్లు మిగిలిపోయాయి.

"మాది కాలేజీ హాస్టలండీ," అన్నాడు. "ఎల్‌కేజీ కాదు."

"తూకం సరిపోయింది," అన్నాడు వ్యాపారి నీరసంగా.

"నా కుర్రాళ్లు కాటా మీద పడుకోరు."

బావమరిది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు ఇదే చెప్పబోయాను బావగారూ. అలా ఎందుకు తొక్కేవాళ్లంటే, వదులుగా ఉన్న నేత ముడుచుకుని, చిక్కబడి, గాలి కూడా దూరకుండా దళసరి కావడానికి. ఆ పని ఉద్దేశమే అది. మీరు మధ్యలో లేచిపోయారు."

"నువ్వు వెనకాలే వచ్చి చెప్పొచ్చుగా."

"వినేవాడు లేచిపోతే చెప్పడం పద్ధతి కాదని ఆగాను."

వ్యాపారికి కంబళ్లు కనబడలేదు, కుర్చీ కనబడింది. ఇవాళ్టి పదివేలకి ఇంకా ఆరు వేలు బాకీ. సరుకు పోయినా ఇంకో సరుకు వస్తుంది. కుర్చీలో బావమరిది కూర్చున్నాక దిండు గుంట ఇంకో ఆకారానికి మారిపోతే మళ్లీ ఎవరు సరిచేస్తారు.

వార్డెన్ కోపంగా కంబళిని నేల మీద పడేసి కాలితో తన్నాడు. అది కదల్లేదు. ఇంకా కోపమొచ్చి దాని మీదికెక్కి బూటు కాలితో బలంగా తొక్కాడు. తర్వాత ఆగాడు. మళ్లీ తొక్కాడు. చెవుల్లోంచి దూది తీసి జేబులో వేసుకుని ఇంకోసారి తొక్కాడు.

"మీరు రండి," అన్నాడు వ్యాపారితో. "దీని మీద గెంతండి."

తొంభై రెండు కిలోలున్న మనిషి గెంతాడు. గోడౌన్‌లో చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. పక్కనున్న ఇనప స్టూలు తెచ్చి వార్డెన్ దాని మీద అటూ ఇటూ లాగాడు. నిశ్శబ్దం. ఆయన ముఖంలో పదేళ్ల తర్వాత మొదటిసారి కణతలు వదులయ్యాయి.

"ఈ నలభై నేను తీసుకుంటున్నాను. పై హాలు నేల మీద పరుస్తాను. హాలంతా నిండాలంటే ఇంకో రెండు వందలు కావాలి, మూడు నెలల్లో. ఇలాగే ఉండాలి, ఒక్క వెంట్రుక తేడా రాకూడదు. కప్పుకునేవి వేరే నలభై పంపండి. అవి మాత్రం ఉతక్కండి. నూనె వాసనకి తుమ్మితే తుమ్ముతారు."

వ్యాపారి ఆ పూటే ఒంటరిగా డాబా ఎక్కి మిగిలిన ఆరు వేల అడుగులు తొట్టిలో పోశాడు. సాయంత్రం ఫోను భార్య చేతిలో పెట్టాడు. పదివేల నాలుగు. ఒప్పందం పూర్తయింది. ఆమె తాళాల గుత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

మర్నాడు డాక్టరు బరువు చూశాడు, ఎనభై తొమ్మిది. చక్కెర చూశాడు, కాగితం రెండుసార్లు తిరగేశాడు. "ఏ పార్కు?" అన్నాడు. "మా డాబానే," అన్నాడు వ్యాపారి. "ఏం చేస్తున్నారో నాకు తెలీదు గానీ ఆపకండి. రెట్టింపు చేయగలిగితే ఇంకా మంచిది," అని కాగితం మీద రాసి, కింద గీత గీసి ఇచ్చాడు. కాగితం భార్య తీసుకుంది.

షాపు దగ్గర ఆటో దిగేసరికి గల్లా వెనక కుర్చీలో బావమరిది ఉన్నాడు.

"నేను గెలిచానుగా," అన్నాడు వ్యాపారి.

"గెలిచారు. కాదన్నదెవరు," అంది భార్య. "రెండు వందల కంబళ్లు ఎవరు తొక్కుతారు?"

"లాండ్రీ ఆయన్ని పిలువు."

"పిలిచాను. ఎప్పటికీ సొంతంగా చేసుకోమని చెప్పాను కదా అన్నాడు."

"నడక బృందం?"

"స్టేషన్ మాస్టరు మన వీధిలోంచి రావడమే మానేశారట. పార్కుకి చుట్టూ తిరిగి పోతున్నారు. వాళ్లకీ అడుగులు ఎక్కువే పడుతున్నాయిలెండి." ఆమె డాక్టరు కాగితం విప్పి గీత గీసిన చోట వేలు పెట్టింది. "రెట్టింపన్నారు. రోజుకి ఇరవై వేలు. పొద్దున పదివేలు, సాయంత్రం పదివేలు. మీరు పైనుంటే కింద ఎవరో ఒకరు ఉండాలి కదా."

"బావగారూ," అన్నాడు బావమరిది కుర్చీలో సర్దుకుంటూ, "ఈ దిండు కాస్త గుంటగా ఉంది. మార్పించనా?"

మూడు నెలలకి హాస్టల్ హాలు నిండింది. వార్డెన్ చెవుల్లో దూది పోయింది. బావమరిది మాటలు వినడానికి ఆగినవాళ్లు ఊరికే నిలబడలేక ఏదో ఒకటి కొనడం మొదలుపెట్టారు. దిండు గలీబులావిడ తిరిగొచ్చి ఆరు గలీబులు తీసుకుంది. వ్యాపారి లెక్క కూడా తేలింది. ఒంట్లోంచి పదిహేను కిలోలు పోయాయి, కంబళికి రెండున్నర అడుగులు పోయాయి, పద్దెనిమిది లక్షల అడుగులు పడ్డాయి. అంత నడిచి ఆయన చేరుకున్నది తన కుర్చీకి సరిగ్గా నలభై నాలుగు మెట్ల దూరం.